ఆరు మీద బొట్టు

నా తుపాకీ మీదున్న స్కోప్ దేన్నైనా ఇరవై నాలుగు రెట్లు దగ్గరగా చూపించగలదు. నేను దాన్ని ఆరు దగ్గర పెట్టి వాడతాను. న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో సగం మంది ఇది పిచ్చి అనుకుంటారు. మిగిలిన సగం మంది అసలు నా దగ్గర తుపాకీ ఉండటమే పిచ్చి అనుకుంటారు. మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు మాత్రం అందరూ మెంతికూర పప్పు రెండోసారి వేయించుకుంటారు. ఆ మెంతికూర కుందేలు నోటిదాకా వెళ్ళి వచ్చిందని నేను గుర్తు చేస్తూనే ఉంటాను.

మాది అనంతపురం. మా ఆయన ఇంట్లో కూర్చునే ఆక్లండ్‌లోని ఒక కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాడు. నేను ఒక క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఇక్కడి చలికి గోంగూర బతకదని అందరూ అన్నారు కాబట్టి గోంగూర వేశాను. ముందు పెరట్లో, తర్వాత ఊరి బయట నాలుగు ఎకరాలు అద్దెకు తీసుకుని. గోంగూర, వంకాయ ప్లాస్టిక్ గుడారంలో. మెంతికూర, కొత్తిమీర, క్యాబేజీ, బీట్‌రూట్ బయట. పొద్దున క్లినిక్‌కు వెళ్ళేముందు ఒక గంట, సాయంత్రం వచ్చాక రెండు గంటలు అక్కడే ఉంటాను.

ఆ నేల పక్క ఫామ్ పెద్దాయనది. డెబ్బై దాటిన గొర్రెల రైతు, మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. కాగితాలేమీ రాసుకోలేదు. చెయ్యి కలిపి ఒకే ఒక్క షరతు పెట్టాడు. నా తోటకూ ఆయన గొర్రెల మేతబీడుకూ మధ్య ఒక పొడవాటి ఇసుక గట్టు ఉంది. ఆ గట్టు నిండా కుందేళ్ళ బొరియలే. వసంతంలో, అంటే ఇక్కడ సెప్టెంబరులో, గొర్రెలు ఈనేది గట్టు అవతలే. బొరియలో కాలు పడిందంటే గొర్రె కాలు విరుగుతుంది. ఇప్పటికే రెండు పోయాయి.

"కుందేళ్ళు నీ బాధ్యత. వసంతం అయ్యేసరికి గట్టు శుభ్రంగా ఉండాలి. లేకపోతే నేల నాకు తిరిగి ఇచ్చేయాలి. నీకంటే ముందు తీసుకున్న ఇద్దరూ అలాగే వెళ్ళిపోయారు" అన్నాడు.

నేను సరేనన్నాను. ఈ దేశానికొచ్చి పన్నెండేళ్ళయింది. అద్దె ఫ్లాట్లలో గోడకు మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాల్సి వచ్చేది. తర్వాత ఇల్లు కొన్నా అదీ బ్యాంకుదే అనిపిస్తుంది. ఆ నాలుగు ఎకరాలు కాగితం మీద నావి కావు గాని, ఆ మట్టి నా గోళ్ళలో ఉండేది. దాన్ని కుందేళ్ళకు వదిలేసి వచ్చే ప్రసక్తే లేదు.

ముందు వల కట్టాను, అవి కింద నుంచి తవ్వుకుని వచ్చాయి. మా అమ్మ ఎలుకలకు చేసినట్టు కారం చల్లాను, వాన కడిగేసింది. బొరియలు పూడిస్తే మర్నాటికి పక్కనే కొత్తవి తయారు. ఇక తుపాకీయే గతి అని పెద్దాయన చెప్పాడు. లైసెన్స్ కోసం చదివాను. తుపాకీ భద్రతా నియమాలన్నీ చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు మా ఆయనకు అప్పజెప్పాను. నువ్వు కాల్చబోయేది ఏమిటో అణుమాత్రం అనుమానం లేకుండా తెలుసుకో. దాని వెనక ఏముందో చూసుకో. పరీక్షలో ఒక్కటీ తప్పలేదు. అధికారి ఇంటికొచ్చి, మీ భార్య చేతిలో తుపాకీ ఉంటే మీకేమైనా ఆందోళనా అని మా ఆయన్ను విడిగా అడిగాడు. ఏమీ లేదని బుద్ధిగా చెప్పాడట. అధికారి కారు ఎక్కి వెళ్ళాక మాత్రం నా వైపు తిరిగి, "నీ చేతిలో అట్లకాడ ఉన్నా నాకు భయమే, ఆ మాట ఆయనకు చెప్పలేదులే" అన్నాడు.

తుపాకీ సంగతి త్వరగానే తేలింది. కుందేళ్ళకు పాయింట్ టూటూ అనే చిన్న తూటా తుపాకీ చాలు, ఇక్కడ ప్రతి ఫామ్‌లోనూ అదే ఉంటుంది. చిక్కంతా దాని మీద బిగించే స్కోప్‌తోనే వచ్చింది. స్కోప్‌కు రెండు అంకెలుంటాయి. మూడు–తొమ్మిది అంటే కంటి దగ్గరున్న రింగు తిప్పితే మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల దాకా దగ్గరగా చూపిస్తుందని అర్థం. దుకాణం ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఎంత దూరం నుంచి కాలుస్తావని అడిగాడు. అరవై మీటర్లు, మహా అయితే వంద అన్నాను. మూడు–తొమ్మిది తీసి గల్లా మీద పెట్టాడు.

"నీకు ఇది చాలు" అన్నాడు.

ఆ 'నీకు' నాకు గుచ్చుకుంది. చీరకట్టులో లేకపోయినా, రబ్బరు గమ్‌బూట్లలో ఉన్నా, ఇక్కడ నాకు ఏదైనా చూపించేటప్పుడు చిన్నదే ముందు తీస్తారు. చిన్న కారు, చిన్న పార, చిన్న మాటలు. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

ఆ ఆదివారం మా ఇంట్లో భోజనాలు. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కార్ల వర్క్‌షాప్ పెట్టుకున్న తమ్ముడొకడున్నాడు. సొంత తమ్ముడు కాదు, అక్కా అని పిలుస్తాడు. ఫోన్ కొనాలన్నా, ఫ్రిజ్ కొనాలన్నా ఇక్కడి తెలుగువాళ్ళు ముందు అతన్నే అడుగుతారు. విషయం చెప్పగానే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి ఫోన్‌లో వెతికేశాడు.

"అక్కా, ఆరు–ఇరవై నాలుగు తీస్కోండి. ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు. తక్కువున్నదాన్ని యాడికెళ్ళి పెంచుతరు?"

"అంత అవసరమా అబ్బాయ్?"

"అవసరం ఇప్పుడు లేకపోతే రేపు వస్తది. ఆయన మిమ్మల్ని చూసి చిన్నది అంటగడుతున్నడు."

మా ఆయన కూడా తలూపాడు. ఈ లెక్క మాకు పుట్టుకతోనే వస్తుంది. ఎదిగే పిల్ల అని స్కూలు గౌను రెండు సైజులు పెద్దది కుట్టిస్తాం. ఇద్దరికి వండుకోవడానికి పదిమంది కుక్కర్ కొంటాం. పెద్దది ఎప్పుడూ వృథా కాదని మా నమ్మకం. దానికి తోడు ఆ దుకాణం ఆయన చూపు నా కళ్ళలోంచి పోలేదు. మర్నాడే వెళ్ళి ఆరు–ఇరవై నాలుగు కావాలన్నాను. ఆయన భుజాలు ఎగరేసి ఇచ్చాడు. గెలిచానని అనుకుంటూ ఇంటికొచ్చాను.

మొదటి సాయంత్రం ఇరవై నాలుగుకు తిప్పి గట్టు వైపు చూశాను. గడ్డిపరక మీద నీటిబొట్టు కనపడింది. కుందేలు మాత్రం కనపడలేదు. ఉత్త కంటికి అది అక్కడే కూర్చుని నమిలేస్తోంది. కన్ను స్కోప్‌కు ఆనిస్తే మాయం. ఇటు గడ్డి, అటు ఇసుక, మళ్ళీ గడ్డి. ఎలాగో దొరికించుకుంటే చెవిలో నరాలు కూడా కనిపిస్తున్నాయి, కాని గాజులో గురి చూపే అడ్డగీత నిలవడం లేదు. నా గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గీత కుందేలు ముక్కు నుంచి తోక దాకా ఊగుతోంది. పొద్దు వాలేకొద్దీ లోపల చీకటి. కుందేళ్ళు బయటికొచ్చేదే ఆ వేళకు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది నా పరిస్థితి.

మూడు వారాల్లో రెండే రెండు కుందేళ్ళు పడ్డాయి. మూడోది గాయపడింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ బొరియలోకి పోబోతుంటే పరుగెత్తి దగ్గర నుంచి ప్రాణం తీయాల్సి వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కుందేళ్ళను చంపడం పాపం కదా అని ఎవరైనా అంటే, మీ ఇంట్లో ఎలుకలకు బోను పెట్టారా లేదా అని ఎదురడుగుతాను. దానికి నాకు సిగ్గు లేదు. కాని సరిగ్గా చంపలేకపోవడానికి సిగ్గుపడ్డాను. అయినా స్కోప్ తప్పని ఒప్పుకోలేదు, నా చెయ్యి తప్పనుకుని ఇంకా సాధన చేశాను. మా ఆయన నన్ను ఏడిపించే మాట ఒకటుంది: నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అప్పట్లో అది రోజుకు రెండుసార్లు వినపడేది.

గొర్రెలు ఈనడం మొదలైన వారం. సాయంత్రం ఆరు దాటింది. స్కోప్‌లో వెతగ్గా వెతగ్గా ఒక పెద్ద కుందేలు దొరికింది. గుండ్రని గాజు నిండా అదే. ఎప్పుడూ లేనిది అడ్డగీత కూడా నిలిచింది. దాని వెనక ఏదో తెల్లగా, మసగ్గా ఉంది. ఆకాశం వెలుతురనుకున్నాను. సేఫ్టీ మీట తీసి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టి, ఊపిరి సగం వదిలాను.

అప్పుడు సన్నగా ఒక అరుపు వినపడింది.

తల ఎత్తాను. ఎప్పుడూ గట్టు కింది భాగంలో మేసే కుందేలు ఆ రోజు గట్టు పైఅంచున కూర్చుంది. తూటాను ఆపడానికి దాని వెనక మట్టి లేదు. అవతల నేల కొంచెం ఎత్తుగా లేస్తుంది, ఆ ఎత్తు మీద ఒక గొర్రె అప్పుడే ఈనిన పిల్లను నాకుతోంది. నేను ఆకాశమనుకున్న తెలుపు అదే. ఇరవై నాలుగు దగ్గర స్కోప్ కుందేలు మీసాన్ని స్పష్టంగా చూపించి, దాని వెనకున్న ప్రాణాల్ని మసక చేసి పెట్టింది.

తూటా గదిని మూసే బోల్ట్ తెరిచి తూటా తీసి జేబులో వేసుకున్నాను. ఎక్కాల్లా వల్లించిన నియమాలు నోటికి వచ్చాయి గాని కంటికి రాలేదు. నిజానికి ఆ తప్పు స్కోప్‌ది కాదు. చూడకుండానే చూశాననుకున్నది నేను.

ఇంటికెళ్ళి చెప్పాను. మా ఆయన మెల్లగా అన్నాడు.

"ఏమీ కాలేదు కదా. ఎవురూ చూడలేదు కదా. ఇప్పుడు పోయి చెప్తే ఆ నేల పోతాది. ఊరుకో."

"చెప్పకపోతే నేను ఆ గట్టు దిక్కు మళ్ళీ ఎట్లా చూడాల?"

"అంత మొండితనం ఎందుకు నీకు?"

"ఇంతకాలం మొండితనం పనికిమాలిన దానికి చేసినా. ఈ ఒక్కసారి పనికొచ్చేదానికి చేస్తా."

మర్నాడు పొద్దున్నే పెద్దాయన వరండా మెట్ల దగ్గర నిలబడి అంతా చెప్పాను. తగ్గించి చెప్పలేదు. నేల తీసుకుంటే తీసుకోండి, కాని ఆ మాట మరొకరి ద్వారా మీకు తెలియకూడదు అన్నాను. ఆయన గమ్‌బూట్లు తొడుక్కుంటూ విన్నాడు.

"స్కోప్ ఎంత మీద పెట్టావు?"

"ఇరవై నాలుగు."

"దాని పళ్ళు పీకుదామనుకున్నావా?"

నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా వెంటనే ముఖం గంభీరంగా పెట్టాడు. గొర్రెలు అక్కడున్న మూడు వారాలూ ఒక్క తూటా పేలకూడదన్నాడు. అవి వేరే బీడుకు వెళ్ళాక రెండు వారాలు గడువు. ఆ తర్వాత వచ్చి గట్టు చూస్తానన్నాడు. నాలుగు చక్రాల క్వాడ్ బైక్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ మూడు వారాలు నేను ఎవరి సలహా అడగలేదు. అందరి మాటా విన్నది చాలు, ఇక నా కంటినే అడుగుదామనుకున్నాను. ఇండియన్ షాపులో మామిడిపళ్ళ అట్టపెట్టె తెచ్చి కుందేలంత ముక్క కోశాను. గొర్రెలు లేని బీడు ఒకటి చూసుకున్నాం. నేను వెనక్కి తిరిగి కూర్చుంటే, మా ఆయన ఆ అట్టను అరవై మీటర్ల దూరంలో ఎక్కడో ఒకచోట గుచ్చి, నడిచి నా వెనక్కి వచ్చి నిలబడేవాడు. ఆయన వచ్చేదాకా తుపాకీ ముట్టుకునేదాన్ని కాదు. బోల్ట్ ఎలాగూ ఇంట్లోనే ఉండేది, అది లేకుండా తుపాకీ పేలదు. అప్పుడు తిరిగి, స్కోప్‌లో అట్ట కనపడేదాకా ఆయన లెక్కపెట్టాలి.

ఆరు దగ్గర రెండు అనేలోపు దొరికింది. దాని చుట్టూ గది వెడల్పంత నేల కూడా కనపడింది. తొమ్మిది దగ్గర మూడు. పన్నెండు దగ్గర ఆరేడు, అదీ మోచేతులు ఇసుక సంచి మీద ఆనితేనే. పద్దెనిమిది దగ్గర వెతుకులాట. ఇరవై నాలుగు దగ్గర చూపు చాప వెడల్పంత ఇరుకైపోయింది. ఆయన ఇరవై దాకా లెక్కపెట్టి ఆగాడు.

"ఏమే, కనపడిందా, లేకుంటే పోయి కాఫీ పెట్టుకొని రానా?"

రోజూ సాయంత్రం అదే పని చేశాం. ఎండలో, చినుకుల్లో, వెలుతురు తగ్గాక కూడా. ప్రతిసారీ జవాబు ఆరే. పడుకుని, సంచి మీద ఆనించి, వంద మీటర్ల దూరానికైతే తొమ్మిది. అంతకు మించినది ఈ గట్టుకు, ఈ తుపాకీకి అనవసరం. దూరాన కదలని గురికి, పెద్ద తుపాకీకి ఇరవై నాలుగు పనికొస్తుందేమో, నాకు తెలియదు. నాకు కావలసింది కుందేలు మీసం కాదు, కుందేలూ దాని వెనకా పక్కా ఉన్నది.

ఆ రోజుల్లోనే దసరా వచ్చింది. ఆయుధపూజకు లాప్‌టాప్, రెండు కార్ల తాళాలు, పార, కొడవలి వరసగా పెట్టాను. బోల్ట్ తీసేసిన తుపాకీని కూడా సేఫ్‌లోంచి తెచ్చి పక్కన పెట్టాను. భోజనానికి పిలిచిన కరీంనగర్ తమ్ముడు దాన్ని చూసి ఆగిపోయాడు.

"అక్కా, దీనికి గూడ బొట్టా?"

"పూజ ఆయుధాలకే కదా."

అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టి స్కోప్ దగ్గర ఆగాను. కుంకుమ రాలి గాజు మీద పడితే గీతలు పడతాయి. నా స్టిక్కర్ బొట్టు ఒకటి తీసి, రింగు మీద ఆరు అంకె పక్కన గట్టిగా అతికించాను. చీకట్లో కూడా వేలికి తగులుతుంది. రింగు ఎటు తిరిగినా వేలితో తడిమి వెనక్కి తేవచ్చు.

"ఆరు మీద పెట్టుకునేదానికి ఇరవై నాలుగు కొన్నరా?" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

"అవును. నువ్వు చెప్పినావని కాదు, నేను పంతం పట్టి కొన్నా. తప్పు నాదే. ఇప్పుడు ఆరు అంటున్నదీ నేనే."

దుకాణానికి కూడా వెళ్ళాను. మూడు–తొమ్మిది చాలని మీరన్నది నిజమే అని ఆయన ముఖం మీదే చెప్పాను. కాని 'నీకు చాలు' అనకండి, ఎవరు వచ్చినా ఈ దూరానికి ఇది చాలు అనండి అన్నాను. ఆయన ఎర్రబడ్డాడు. సరేనన్నాడు.

గొర్రెలు వేరే బీడుకు వెళ్ళిన రోజే గట్టు మీద బొరియలన్నీ పూడ్చాను. మర్నాడు తెరుచుకున్న వాటిల్లోనే కుందేళ్ళు ఉన్నట్టు. క్లినిక్ నుంచి నేరుగా వచ్చి, ముందు ఉత్త కళ్ళతో గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసేదాన్ని. తర్వాత వేలితో బొట్టు తడిమి, అప్పుడు కన్ను ఆనించేదాన్ని. పైఅంచున కూర్చున్న కుందేలు ఎంత పెద్దదైనా వదిలేశాను. అవి ఎప్పుడో ఒకప్పుడు కిందికి దిగుతాయి. కాల్చినవి కాల్చినట్టు పడ్డాయి, ఒక్కటీ ఈడ్చుకుంటూ పోలేదు.

రెండు వారాలయ్యాక పెద్దాయన వచ్చాడు. కర్ర పట్టుకుని గట్టు పొడుగునా కుంటుతూ నడిచాడు. ఒకచోట ఆగి కర్రతో పొడిచాడు, పాత బొరియ, పూడ్చింది పూడ్చినట్టే ఉంది. కొత్త మట్టి కనపడింది రెండు చోట్లే. తిరిగొచ్చి తుపాకీ ఒకసారి ఇమ్మన్నాడు. ఖాళీ అని చూపించి ఇచ్చాను. ఆయన వేలు అలవాటుగా రింగు మీదికి వెళ్ళింది.

"దాన్ని కదపొద్దు" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

ఆయన వేలు ఎర్ర బొట్టు మీద ఆగింది. నా నుదుటి వైపు చూశాడు. రింగు కదపకుండా తుపాకీ తిరిగి ఇచ్చేశాడు.

"వచ్చే ఏడాది కూడా కుందేళ్ళు నీవే" అన్నాడు.

ఆయన వెళ్ళబోతూ కర్ర ఎత్తి దూరంగా కొత్త బీడు వైపు చూపించాడు. ఒక గొర్రె పక్కన, ఎడమ చెవికి నీలం ట్యాగ్ ఉన్న పిల్ల కాళ్ళు విసురుతూ గెంతుతోంది.

"ఆ సాయంత్రం గట్టు వెనక ఈనింది ఆ గొర్రె ఒక్కటే. నీకు మసగ్గా కనపడింది ఆ పిల్లే."

తుపాకీ నా చేతిలోనే ఉంది. దాన్ని నేలమీద పెట్టి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఉత్త కళ్ళతో ఆ పిల్లను చూశాను.